ఎంకి పాటను చదివే తీరు



గత ఏడాది మన ట్రస్టు ఉపకార వేతనాల ఇంటర్వ్యూలు జరిగినప్పుడు బల్ల వెనుక కూర్చున్న వారిలో నేనూ ఒకడిని. హోసూరు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. బి.ఎస్సి. మొదటి సంవత్సరం, పార్ట్ వన్‌లో తెలుగు తీసుకుంది. మార్కులు బాగానే ఉన్నాయి. "ఇంట్లో తెలుగేనా అమ్మా?" అని మామూలుగా అడిగాను. "తెలుగే సార్. కానీ మంచి తెలుగు కాదు. మాది వస్తాది, పోతాది తెలుగు" అంది. పక్కనున్న తండ్రి తల దించుకున్నాడు. ఆయన గులాబీలు పండించే చిన్న రైతు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. చిన్నప్పుడు తరగతిలో అదే 'వస్తాది' అన్నందుకు నేను బెంచీ ఎక్కి నిలబడ్డాను. తర్వాత నేనే తెలుగు ఉపాధ్యాయుడినై, ఎంతమంది పిల్లల చేత ఆ మాటను కొట్టివేయించి 'వస్తుంది' అని రాయించానో లెక్కలేదు. పరీక్షలో మార్కులు పోకూడదు కదా అనే అనుకున్నాను. ఆ తండ్రి ముఖం చూశాక మాత్రం ఆ లెక్క అంత సరిగా లేదనిపించింది.

ఈ సంచికకు ఒక పద్యమో, పాటో ఎలా విశ్లేషించాలో పాఠం రాయమని సంపాదకులు అడిగినప్పుడు అందుకే నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటలు తీసుకున్నాను. కళాశాల పరీక్షల్లో "రూపాన్ని, భావచిత్రాలను, స్వరాన్ని చర్చించండి" అనే ప్రశ్న తరచు వస్తుంది. మన పిల్లలు ఎక్కువమంది కవి పరిచయం ఒక పేజీ, సారాంశం ఒక పేజీ రాసి, చివర "పాట ఎంతో మధురంగా ఉంది" అని ముగిస్తారు. దానికి సగం మార్కులే వస్తాయి. పుస్తకం గ్రంథాలయాల్లో దొరుకుతుంది. దాన్ని దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి.

పాట పుట్టిన చోటు

సుబ్బారావు గారు 1895లో పుట్టి 1957లో కన్నుమూశారు. స్వస్థలం ఏలూరు ప్రాంతం. తరువాతి కాలంలో అక్కడే న్యాయవాదిగా ఉన్నారు. తొలి ఎంకి పాట మాత్రం గోదావరి సీమలో పుట్టలేదు, మద్రాసులో పుట్టింది. 1910ల చివర ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటున్నారు. ఆ కాలేజీ అప్పుడు జార్జిటౌన్‌లో ఉండేది, 1937లో తాంబరానికి మారింది. ఒకనాడు కాలేజీ నుంచి ట్రాములో ఇంటికి వస్తుండగా మొదటి పాట పల్లవి మనసుకు తట్టిందంటారు. మద్రాసులో ట్రాములు 1953లోనే ఆగిపోయాయి కనుక మీలో ఎవరూ వాటిని చూసి ఉండరు. పట్టాల మీద గణగణ గంట కొట్టుకుంటూ పోయే బండి అని ఊహించుకోండి. చుట్టూ అరవం, ఇంగ్లీషు, ఆ మధ్యలో ఒక తెలుగు కుర్రవాడి నోట్లో పల్లెటూరి మాట. బయట రాష్ట్రాల్లో పెరుగుతున్న మన పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది.

పాటలు పుస్తకంగా 1925లో వెలువడ్డాయి. అంతకుముందు 1910లో గురజాడ అప్పారావు గారి ముత్యాల సరాలు వచ్చాయి. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం వాదిస్తున్నారు. ఆ ఊరు 1936 నుంచి ఒడిశాలో ఉంది. గిడుగు వారు కోరింది చదువుకున్న వారు మాట్లాడే శిష్ట వ్యావహారికం. సుబ్బారావు గారు ఇంకొక మెట్టు దిగి, బడి ముఖం చూడని రైతు నోటి మాటను పాటలో పెట్టారు. అందరూ మెచ్చుకోలేదు. అక్కిరాజు ఉమాకాంతం గారు 'నేటి కాలపు కవిత్వం' (1928)లో ఎంకి శృంగార కావ్యానికి తగిన నాయిక కాదని గట్టిగా ఆక్షేపించారు. ఆ వాదం కూడా చదవవలసిందే. ఎందుకంటే ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి తన ఇంటి తెలుగు గురించి అన్నదీ దాదాపు అదే మాట.

అయిదు మాత్రల నడక

ఇక రూపం. ఇక్కడ భయపడవలసింది ఏమీ లేదు, వేళ్ళ మీద లెక్క పెట్టడం వస్తే చాలు. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం రెండు. సున్న ఉన్న అక్షరం రెండు. వెనుక ఒత్తు అక్షరం వస్తే దాని ముందరిది కూడా రెండు. 'అన్నయ్య' అనండి. 'అ' వెనుక 'న్న' ఉంది కనుక రెండు, 'న్న' వెనుక 'య్య' ఉంది కనుక రెండు, చివరి 'య్య' ఒకటి. మొత్తం అయిదు. 'అక్కయ్య', 'మామయ్య' కూడా అయిదే. 'అమ్మ' మూడు. ఇప్పుడు చప్పట్లు కొడుతూ "అన్నయ్య, అక్కయ్య, మామయ్య, అమ్మ" అనండి. అయిదు, అయిదు, అయిదు, మూడు. తరువాత రెండు మాత్రలు ఖాళీ. ఎంకి పాటల్లో చాలా చరణాల నడక ఇదే. సంగీతం నేర్చుకునే పిల్లలు దీన్ని ఖండగతి అంటారు, 'తకతకిట' అని లెక్క వేస్తారు.

నేను పాఠానికి ఎంచుకున్నది గత జన్మ గురించి నాయుడు బావ ఎంకిని అడిగే పాట. మూడే ప్రశ్నలు, ఆరు పాదాలు. ప్రతి జంటలో పై పాదం అతని ప్రశ్న, కింది పాదం ఆమె ముఖంలో కలిగిన మార్పు. వెనుకటి జన్మలో మనం ఎవరమో అంటాడు, ఆమె సిగ్గుపడి నవ్వుతుంది. ముందు మనకు ఏ జన్మ ఉందో అంటాడు, ఆమె తెల్లబోతుంది. ఈ సుఖాలు మనకు ఎన్నాళ్ళో అంటాడు, ఆమె కంట నీరు పెట్టుకుంటుంది. కథంతా ఇంతే.

ఆరు పాదాలూ అయిదు, అయిదు, అయిదు, మూడు చొప్పునే నడుస్తాయి. విద్యార్థులు ఈ సంఖ్యలు రాసి ఆగిపోతారు, అసలు పని ఆ తరువాతే ఉంది. పాదం చివరి రెండు ఖాళీ మాత్రలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ప్రశ్న పాదాలు మూడూ 'అంటిని' అనే అర్థం గల మాటతో ముగుస్తాయి. వెంటనే ఆ ఖాళీ. ఎవరైనా ప్రశ్న అడిగి ఆగితే మనం జవాబు కోసం చూస్తాం. ఎంకి జవాబు చెప్పదు. పాట మొత్తంలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. మాట రావలసిన చోట మౌనం ఉంది, తరువాతి పాదంలో ముఖం ఉంది. చప్పట్లు కొడుతూ పైకి చదివితే ఈ విషయం మీకే తెలుస్తుంది. కంటితో చదివితే తెలియదు.

తప్పిన నా లెక్క

వేసవి సెలవుల్లో ట్రస్టు తరగతి పెట్టినప్పుడు ఇదే పాట చెప్పాను. తల్లిదండ్రులు కూడా వెనుక చాపల మీద కూర్చున్నారు. ఆ గులాబీ రైతు, ఆయన కూతురు కూడా వచ్చారు. పాటలోని పల్లె మాటలు తీసేసి పుస్తకపు మాటలు పెడితే గణాలు చెడిపోతాయని, మాండలికం లేకపోతే ఛందస్సే నిలబడదని నేను గొప్పగా ప్రకటించాను. ఒక కుర్రాడు లేచి, "లెక్క పెట్టి చూశాను సార్, చెడిపోవడం లేదు" అన్నాడు.

వాడన్నది నిజమే. 'జల్మ' తీసి 'జన్మ' పెట్టినా మూడు మాత్రలే. 'యెనక' తీసి 'వెనక' పెట్టినా మూడే. 'సిలక'కు 'చిలక', 'సుకము'కు 'సుఖము' ఎక్కడికక్కడ సరిపోయాయి. తొలి పాటలోని 'కూకుండ' తీసి 'కూర్చుండ' పెట్టినా అయిదే. ముప్పై ఏళ్ళుగా నమ్ముతున్న మాటను ఒక ఇంటర్ కుర్రాడు రెండు నిమిషాల్లో పడగొట్టాడు.

అప్పుడు అందరం కలిసి మాటమాటనూ వెతికాం. రెండు చోట్ల దొరికింది. 'సిగ్గొచ్చి' అయిదు మాత్రలు. దాన్ని 'సిగ్గు వచ్చి' అంటే ఆరు. 'నీరెట్టింది' ఏడు, 'నీరు పెట్టింది' ఎనిమిది. ఒక్కొక్క మాత్ర ఎక్కువై నడక తడబడింది. అంటే ఒక అక్షరం మాత్రమే మారిన చోట ఛందస్సుకు నష్టం లేదు. రెండు మాటలు కరిగి ఒకటైన చోట మాత్రం ఆ కలయిక లేకపోతే పాదం నిలవదు. మాట్లాడే నోరు తొందరలో మాటలను కలిపేస్తుంది, వ్యాకరణం కలపమని చెప్పిన చోటే కలపదు. కవి ఆ కలయికను అలాగే పట్టుకున్నాడు.

ఆ రైతును పాట చదవమన్నాం. మొదట వద్దన్నాడు. కూతురు పుస్తకం చేతిలో పెట్టి "చదువు నాయినా" అంది. ఆయన కూడబలుక్కుంటూ చదివాడు కానీ, ఆ రెండు చోట్ల మాత్రం ఆగలేదు. నేను ఆ మాటలను విడగొట్టినట్టు పలికే అలవాటులో ఉన్నాను, అది నాకు అప్పుడే తెలిసింది.

ఛందస్సు చెడని చోట కూడా ఏదో పోతుందని పిల్లలే అన్నారు. ఏమిటది? 'సిగ్గు', 'సిలక' రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. 'చిలక' అంటే ఆ జత పలచబడుతుంది. చకారానికి సకారానికి యతిమైత్రి ఉందని పండితులు చెబుతారు, అది నిజమే. అయినా చెవికి తేడా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, మాట్లాడుతున్న మనిషి మారిపోతాడు. 'సుఖము' అన్నవాడు పుస్తకం చదివినవాడు. ఆ మాట అతని నోట ఎవరిదో అరువు మాటలా ఉంటుంది. 'సుకము' అన్నవాడు తన బతుకు గురించి చెప్పుకుంటున్నాడు. దీన్నే స్వరం అంటారు. మాత్రల లెక్కకు అది అందదు.

భావచిత్రాలు

గ్రామీణ కవిత అనగానే పిల్లలు నాగలి, ఎద్దులు, పచ్చని పొలం కోసం వెతుకుతారు. ఈ పాటలో ఒక్క ఎద్దు లేదు, ఒక్క గడ్డిపోచ లేదు. ఇతర పాటల్లో ఏరు, తోట, వెన్నెల ఉన్నాయి, ఇక్కడ ఇద్దరు మనుషులే. ఇది గ్రామీణ కవిత ఎలా అయిందంటే, పని ముగిశాక తీరిగ్గా కూర్చుని వెనుకటి జన్మ ముచ్చట పెట్టుకోవడం మన పల్లె బతుకులో ఉన్నదే. మీ తాతలూ అవ్వలూ "ఏ జన్మలో ఏం పుణ్యం చేశానో" అని అనడం మీరు వినే ఉంటారు.

ఇక్కడి భావచిత్రాలన్నీ ఒక్క ముఖం మీదే ఉన్నాయి. నవ్వు, పాలిపోవడం, కన్నీరు. కవి వాటికి ఉపమానాలు కట్టలేదు. చంద్రబింబం, తామర రేకులు తేలేదు. ఒక చిన్న పని మాత్రం చేశాడు. మూడు జవాబు పాదాల్లోనూ ఎంకి పేరుకు ముందు ఒక్కొక్క మాట పెట్టాడు. మొదట చిలక, తరువాత పిల్ల, చివరికి జంట. నవ్వుతున్నప్పుడు ఆమె చిలక, అంటే సరదా, ముద్దు. తెల్లబోయినప్పుడు పిల్ల, భయపడిన ఆడపిల్ల. కన్నీరు వచ్చినప్పుడు జంట. విడిపోతామేమో అన్న ఆలోచన వచ్చినప్పుడే కదా మనం జంట అన్న సంగతి గుర్తొచ్చేది. మూడు మాటలూ మార్చి ఒకే మాట పెట్టి చదవండి, పాట ఎంత చిన్నబోతుందో చూడండి. పరీక్షలో ఈ ఒక్క విషయం స్పష్టంగా రాసినా భావచిత్రం అంటే మీకు అర్థమైందని దిద్దేవారికి తెలుస్తుంది.

పోలిక కోసం దీపం పాట కూడా చూడండి. చీకట్లో దారి చూపే వస్తువుగానే దీపాన్ని మనం చాలా కవితల్లో చూస్తాం. ఇక్కడ నాయుడు బావ దాన్ని ఆర్పేయమంటాడు. వెలుగులో మనసు ఆమె మీద నిలపలేకపోతున్నాడట. చూపు అటూ ఇటూ పోతుంది, చీకటిలో అయితే మనసు ఒక్కచోట ఉంటుంది. ఇంట్లో నూనె దీపం తప్ప మరొకటి లేని మనిషి అన్న మాట అది. తొలి పాటలో గుండె తన చోట ఉండక గొంతు దాకా వచ్చి గొడవ పడుతుందని, కాసేపైనా కూర్చోనివ్వదని అంటాడు. ఆ గుండె ఇంట్లో అల్లరి చేసే పిల్లవాడిలా ఉంది. అదే పాటలో 'రా' అనే పిలుపు కూడా ఒకటి ఉంది. ఎవరితో అంటున్నాడు? పేరు లేదు. తన ఈడు స్నేహితుడితోనే అయి ఉండాలని నా ఊహ. ఆ ఒక్క అక్షరంతో వింటున్న మనం అతని పక్కన గట్టు మీద కూర్చున్నట్టు అవుతుంది.

స్వరం దగ్గర జరిగే పొరపాటు

మా తరగతిలో గత జన్మ పాటకు స్వరం ఏమిటని అడిగితే సగంమంది 'శోకం' అన్నారు, కొందరు 'శృంగారం' అన్నారు. రెండింటికీ సగం మార్కులే ఇస్తాను. ఈ పాటలో స్వరం నిలకడగా ఉండదు, కదులుతుంది. మొదటి ప్రశ్న సరసం. రెండోది కూడా అతను సరసంగానే అడిగి ఉండవచ్చు, అది ఆమెకు మరోలా తగిలింది. మూడో ప్రశ్నకు వచ్చేసరికి అతనికీ నవ్వులాట మిగిలి ఉందా? నాకు అనుమానమే. కాలం క్రమం గమనించండి. ముందు గతం, తరువాత భవిష్యత్తు, చివర ఇప్పటి బతుకు. దూరంగా ఉన్న వాటి గురించి అడిగినంత సేపూ ఓర్చుకున్న మనిషి దగ్గరి దాని గురించి అడగగానే ఏడ్చింది. దుఃఖం, భయం అనే మాటలు పాటలో ఎక్కడా లేవు. చూసినది చెబుతాడు, ఆగుతాడు.

దీనికి పూర్తిగా భిన్నమైన స్వరం తెలియాలంటే దువ్వూరి రామిరెడ్డి గారి 'కృషీవలుడు' చదవండి. ఆయన కూడా 1895లోనే పుట్టారు, నెల్లూరు ప్రాంతపు వారు, స్వయంగా వ్యవసాయం చేసినవారు. అది పద్య కావ్యం, భాష గ్రాంథికం. అక్కడ కవి రైతును ఎదురుగా నిలబెట్టి గౌరవంగా పలకరిస్తాడు. ఎంకి పాటల్లో పలకరించేవారు లేరు, రైతే మాట్లాడుతున్నాడు. రెండూ గొప్పవే. పరీక్షలో పోల్చమంటే ఏది గొప్ప అని రాయకండి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో రాయండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు ఈ పాటను ఇంట్లో పైకి చదువుతుంటే ఉచ్చారణ దిద్దకండి. మీకు అలవాటైన తీరులో మీరే ఒకసారి చదివి వినిపించండి. వ్యాసం రాసేటప్పుడు 'వస్తుంది' అని రాయించండి, అది పరీక్ష పద్ధతి. ఆ రెండు అవసరాలు వేరని పిల్లలకు చెప్పగలిగేది ఇంట్లోవాళ్ళే. బడిలో మేము సరిగా చెప్పలేకపోయాం.

అభ్యాసం కోసం ఈ పని చేయండి. ఇంట్లో పెద్దలు మాట్లాడేటప్పుడు రెండు మాటలు కలిసి ఒకటైనవి పది రాసుకోండి. ఒక్కొక్క దానికి కలిపి ఎన్ని మాత్రలు, విడదీస్తే ఎన్ని మాత్రలు లెక్క వేయండి. తరువాత దీపం పాట తీసుకుని దాని నడక పైన చెప్పిన అయిదు మాత్రలదేనా, వేరా అని చప్పట్లతో చూడండి. జవాబులు ట్రస్టు కార్యాలయానికి పంపితే దిద్ది తిరిగి పంపుతాను. ఆ అమ్మాయి తన జాబితా అప్పుడే పంపింది. పదికి బదులు నలభై మూడు మాటలు ఉన్నాయి. కాగితం వెనుక వైపు, సగానికి పైగా వేరే చేతి రాతలో ఉన్నాయి. అక్షరాలు పెద్దవి, కొంచెం వంకర.